పటికా లవణమే, సోడా లవణమే: ఏది ఎంత ఆమ్లం, ఏది ఎంత క్షారం?

ఇంట్లో దొరికే రెండు తెల్లటి వస్తువులతో మొదలుపెడదాం. ఒక గాజు గ్లాసులో సగానికి నీళ్లు పోసి, చెంచాడు తినే సోడా కరిగించండి. ఇంకో గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, మెత్తగా దంచిన పటిక వేసి కరగనివ్వండి. రెండూ తేటగా, మామూలు నీళ్లలాగే కనిపిస్తాయి. ఇప్పుడు పటిక నీళ్లను సోడా నీళ్లలోకి నెమ్మదిగా ఒంపితే, నిమ్మరసం పిండినప్పటిలాగే బుసబుసమని నురగ లేస్తుంది. నురగ అణిగిన తరువాత చూస్తే గ్లాసులో తెల్లటి, జిగురులాంటి మడ్డి తేలియాడుతూ మెల్లగా అడుగుకు దిగుతుంది. పైకి లేచిన వాయువు కార్బన్ డయాక్సైడ్, అడుగుకు దిగినది అల్యూమినియం హైడ్రాక్సైడ్. పూర్వం మంటలు ఆర్పడానికి వాడిన నురగ యంత్రాల్లో జరిగింది కూడా ఇదే చర్య: ఒక గదిలో అల్యూమినియం సల్ఫేట్, మరో గదిలో సోడా, యంత్రాన్ని తలకిందులు చేయగానే రెండూ కలిసేవి.

నిమ్మరసం తగిలి సోడా పొంగితే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు, నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉందని అందరికీ తెలుసు. కానీ పటిక ఆమ్లం కాదు, పొటాషియం అల్యూమినియం సల్ఫేట్ అనే లవణం. తినే సోడా కూడా లవణమే. ఆమ్లమూ క్షారమూ కలిసి ఒకదాన్నొకటి తటస్థం చేసుకున్నాక మిగిలేదే లవణమని బడిలో చదువుకున్నాం. 'తటస్థీకరణ' అన్న మాట మనసులో ఎంత గట్టిగా నాటుకుంటుందంటే, లవణమంటే తటస్థ పదార్థమేనన్న అభిప్రాయం చాలామందికి జీవితాంతం ఉండిపోతుంది. ఆ అభిప్రాయం తినే ఉప్పు విషయంలో నిజం, మరికొన్ని లవణాల విషయంలో నిజం, అత్యధిక లవణాల విషయంలో మాత్రం తప్పు.

ఈ తప్పును సరిదిద్దడానికి పదో తరగతిలో, ఇంటర్మీడియట్‌లో ఒక సూత్రం నేర్పుతారు. బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే వచ్చే లవణం తటస్థం. బలమైన ఆమ్లం, బలహీన క్షారం కలిస్తే ఆమ్ల స్వభావం. బలహీన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే క్షార స్వభావం. సూత్రం తప్పేమీ కాదు. అయితే అది దిక్కును చెబుతుంది గాని దూరాన్ని చెప్పదు. సోడియం ఫ్లోరైడ్, సోడియం సయనైడ్ రెండూ బలహీన ఆమ్లాల నుంచి వచ్చిన లవణాలే కనుక ఈ సూత్రం రెండింటినీ ఒకే గాటన కట్టేస్తుంది. నిజానికి క్షారంగా సయనైడ్ అయాను ఫ్లోరైడ్ కన్నా సుమారు పది లక్షల రెట్లు బలమైనది. ప్రవేశ పరీక్షల్లో 'పీహెచ్ పెరిగే క్రమంలో అమర్చండి' అన్న ప్రశ్న రాగానే చురుకైన విద్యార్థులు కూడా తడబడటానికి కారణం ఇదే: వాళ్ల చేతిలో ఉన్నది రకాలు చెప్పే సూత్రం, ప్రశ్న అడుగుతున్నది కొలత. పీహెచ్ అంటే ఆమ్ల, క్షార గుణాల కొలమానం: 7 అయితే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం.

కొలత కావాలంటే లవణాన్ని ఒకే ముద్దగా చూడటం మానుకోవాలి. నీటిలో కరిగిన క్షణం నుంచి లవణం అన్నది ఉండదు. ధనావేశమున్న కాటయాన్లు, రుణావేశమున్న ఆనయాన్లు వేటికవి విడిగా తిరుగుతుంటాయి. 1884లో స్వాంటె అరీనియస్ తన పరిశోధన పత్రంలో ఈ ఆలోచనకు పునాది వేశారు, దానికే 1903లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే మన ప్రశ్నకు అసలు తాళం చెవి 1923లో దొరికింది. ఆ ఏడాది డెన్మార్క్‌లో బ్రాన్‌స్టెడ్, ఇంగ్లండులో లౌరీ విడివిడిగా ఒకే నిర్వచనానికి చేరుకున్నారు: ప్రోటాన్‌ను, అంటే హైడ్రోజన్ అయానును, ఇచ్చేది ఆమ్లం, పుచ్చుకునేది క్షారం. ఈ నిర్వచనంలో లవణాలకు వేరే గది లేదు. అమ్మోనియం అయాను ప్రోటాన్‌ను ఇవ్వగలదు కనుక అది ఆమ్లమే, ఎసిటేట్ అయాను ప్రోటాన్‌ను పుచ్చుకోగలదు కనుక అది క్షారమే. లవణాల జలవిశ్లేషణ (లవణపు అయాన్లు నీటితో జరిపే చర్య) అంటూ ప్రత్యేక అధ్యాయంగా చదివేది నిజానికి బలహీన ఆమ్లాలు, బలహీన క్షారాల అధ్యాయానికి కొనసాగింపు మాత్రమే.

కాబట్టి ఏ లవణం ఎదురైనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులోని కాటయాన్ నీటికి ప్రోటాన్‌ను ఎంత తేలికగా ఇస్తుంది? ఇందులోని ఆనయాన్ నీటి నుంచి ప్రోటాన్‌ను ఎంత గట్టిగా లాక్కుంటుంది? మొదటిదానికి కొలత ఆమ్ల స్థిరాంకం కేఏ, రెండోదానికి కొలత క్షార స్థిరాంకం కేబీ. ఒక ఆమ్లానికీ, అది ప్రోటాన్‌ను వదిలాక మిగిలే సంయుగ్మ క్షారానికీ మధ్య ఉన్న సంబంధం చాలా సూటిగా ఉంటుంది: 25 డిగ్రీల సెల్సియస్ వద్ద వాటి కేఏ, కేబీల లబ్ధం 10⁻¹⁴.

ఇక్కడే ఒక పొరపాటును నిదానంగా విప్పాలి, ఎందుకంటే అది తరగతి గదుల్లో, గైడ్లలో పదేపదే వినిపిస్తుంది. 'బలహీన ఆమ్లానికి సంయుగ్మ క్షారం బలమైనది' అంటారు. ఎసిటిక్ ఆమ్లాన్నే తీసుకోండి. దాని కేఏ 1.8 × 10⁻⁵, బలహీన ఆమ్లం. 10⁻¹⁴ను దీనితో భాగిస్తే ఎసిటేట్ కేబీ 5.6 × 10⁻¹⁰ వస్తుంది. ఇది బలమైన క్షారం ఎలా అవుతుంది? ఎసిటిక్ ఆమ్లం ఆమ్లంగా ఎంత బలహీనమో, ఎసిటేట్ క్షారంగా అంతకన్నా ఎన్నో రెట్లు బలహీనం. ఆమ్లం బలం తగ్గేకొద్దీ దాని సంయుగ్మ క్షారం బలం పెరుగుతుంది అన్నంత వరకే నిజం. పెరిగినంత మాత్రాన బలమైనది అయిపోదు; సాధారణంగా బలహీన ఆమ్లానికి సంయుగ్మంగా వచ్చేది మరో బలహీన క్షారమే.

లెక్క వేసి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. సోడియం ఎసిటేట్‌ను లీటరుకు 0.1 మోల్ చొప్పున కరిగించామనుకుందాం. హైడ్రాక్సైడ్ గాఢత, 0.1ని 5.6 × 10⁻¹⁰తో గుణించి వర్గమూలం తీస్తే వస్తుంది: సుమారు 7.5 × 10⁻⁶. అంటే పీహెచ్ 8.87. మరో రకంగా చెప్పాలంటే, ద్రావణంలో ఉన్న ప్రతి లక్ష ఎసిటేట్ అయాన్లలో ఏ క్షణంలోనైనా ప్రోటాన్‌ను పట్టుకుని ఉన్నవి ఏడో ఎనిమిదో. మిగిలిన తొంభై తొమ్మిది వేల పైచిలుకు ఊరికే తిరుగుతుంటాయి. అయినా ఆ ఏడెనిమిదే పీహెచ్‌ను 7 నుంచి దాదాపు 9కి నెట్టగలిగాయి, ఎందుకంటే శుద్ధమైన నీటిలో హైడ్రాక్సైడ్ గాఢత కేవలం 10⁻⁷. జలవిశ్లేషణ అనగానే లవణమంతా విడిపోయి మళ్లీ ఆమ్లం, క్షారం అయిపోతుందని ఊహించుకునేవారు ఈ ఏడెనిమిదిని గుర్తు పెట్టుకుంటే చాలు.

అదే గాఢతలో ఇతర సోడియం లవణాలను వరుసగా నిలబెడితే తేడాలు ఎంత పెద్దవో తెలుస్తుంది. సోడియం క్లోరైడ్, నైట్రేట్, పెర్‌క్లోరేట్ 7 దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే వాటి మాతృ ఆమ్లాలు నీటిలో ప్రోటాన్‌ను పూర్తిగా వదిలేసేవి. వదిలేసినదాన్ని ఆ ఆనయాన్లు మళ్లీ కోరవు. సోడియం సల్ఫేట్ 7.5 దగ్గర, ఫ్లోరైడ్ 8.1 దగ్గర, ఎసిటేట్ 8.9 దగ్గర, హైపోక్లోరైట్ 10.3 దగ్గర, సయనైడ్ 11.1 దగ్గర, కార్బనేట్ 11.6 దగ్గర నిలుస్తాయి. ట్రైసోడియం ఫాస్ఫేట్ 12.5 దాకా వెళుతుంది. కార్బనేట్‌లో లక్షకు సుమారు 4,500 అయాన్లు ప్రోటాన్‌ను పట్టుకుంటాయి. ఫాస్ఫేట్‌లో మూడో వంతుకు పైగా పట్టుకుంటాయి. పీహెచ్‌లో ఒక అంకె తేడా అంటే పదింతల తేడా అని మరిచిపోకూడదు. 1909లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ఈ కొలమానాన్ని ప్రవేశపెట్టినప్పుడు పది ఘాతాలతో రాయాల్సిన అంకెలను చిన్న అంకెలుగా రాయడమే ఉద్దేశం. ఆ సౌకర్యం వల్లే తేడాలు కూడా చిన్నవన్న భ్రమ కలుగుతుంది.

సయనైడ్ సంగతి పుస్తకానికే పరిమితం కాదు. సయనైడ్ అయాను నీటి నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటే ఏర్పడేది హైడ్రోజన్ సయనైడ్, ప్రాణాంతకమైన వాయువు. అందుకే ఖనిజం నుంచి బంగారం తీసే మిల్లుల్లో సయనైడ్ ద్రావణంలో సున్నం కలిపి పీహెచ్‌ను 10కి పైనే ఉంచుతారు. హైడ్రాక్సైడ్ ముందే పుష్కలంగా ఉంటే సమతాస్థితి వెనక్కు జరిగి సయనైడ్ అయానుగానే ఉండిపోతుంది. కేబీ విలువ అక్కడ పనివాళ్ల ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఆనయాన్లలో ఒకటి ప్రోటాన్‌ను గట్టిగా, మరొకటి వదులుగా ఎందుకు పట్టుకుంటుందో చూడటానికి క్లోరిన్ ఆక్సో ఆమ్లాల లవణాల కన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు. హైపోక్లోరైట్, క్లోరైట్, క్లోరేట్, పెర్‌క్లోరేట్: ఈ నాలుగింటిలోనూ మధ్యలో ఉన్నది క్లోరినే, మీద ఉన్నది ఒకే ఒక్క రుణావేశం. మారేది ఆక్సిజన్‌ల సంఖ్య ఒక్కటే, ఒకటి నుంచి నాలుగు వరకు. హైపోక్లోరైట్‌లో ఆవేశమంతా దాదాపు ఒక్క ఆక్సిజన్ మీదే పోగుపడి ఉంటుంది కనుక ప్రోటాన్‌కు అది బలమైన ఆకర్షణ కేంద్రం. పెర్‌క్లోరేట్‌లో అదే ఆవేశం నాలుగు ఆక్సిజన్‌ల మీద సమంగా పరుచుకుపోతుంది. ప్రోటాన్ వచ్చి అంటుకునేంత సాంద్రత ఎక్కడా ఉండదు. అందుకే హైపోక్లోరైట్ ద్రావణం పీహెచ్ 10 దాటుతుంది, క్లోరైట్ 7.5 దగ్గర ఆగుతుంది, మిగిలిన రెండూ తటస్థం. ఆవేశం ఎంత ఉందన్నది సగం ప్రశ్న మాత్రమే, ఎంత మేర పరుచుకుని ఉందన్నది మిగతా సగం.

ఇక కాటయాన్ల వైపు. అమ్మోనియం సంగతి తేలిక: దాని కేఏ 5.6 × 10⁻¹⁰, 0.1 మోలార్ అమ్మోనియం క్లోరైడ్ పీహెచ్ 5.1. మన ఊళ్లలో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవారు వాడే నవాసాగరం ఇదే. కొలిమి మీద ఎర్రగా కాగిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లి గుడ్డతో రుద్దగానే తెల్లటి పొగ లేస్తుంది, గిన్నె లోపలి నల్లటి మకిలి పోయి లోహం మెరుస్తుంది. వేడికి అమ్మోనియం తన ప్రోటాన్‌ను క్లోరైడ్‌కు అప్పగించి అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోవడం, ఆ ఆమ్లం లోహపు ఆక్సైడ్‌ను తినేయడం ఆ పొగలో జరుగుతున్న పని. నీటిలో దాచుకున్న ఆమ్ల గుణాన్ని నవాసాగరం నిప్పు మీద బాహాటంగా చూపిస్తుంది.

అల్యూమినియం అయాను దగ్గరకు వచ్చేసరికి విద్యార్థికి న్యాయమైన సందేహం వస్తుంది: ఇందులో హైడ్రోజనే లేదే, ప్రోటాన్‌ను ఎక్కడి నుంచి ఇస్తుంది? జవాబు దాని చుట్టూ ఉన్న నీటిలో ఉంది. నీటిలో అల్యూమినియం ఒంటరిగా ఉండదు, ఆరు నీటి అణువులను తన చుట్టూ కట్టిపడేసుకుని ఉంటుంది. మూడు ధనావేశాలున్న చిన్న అయాను కావడంతో ఆ నీటి అణువుల ఆక్సిజన్‌లలోని ఎలక్ట్రాన్లను తనవైపు బలంగా లాగుతుంది. దాంతో ఆక్సిజన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య బంధం సడలి, ఒక ప్రోటాన్ జారి పక్కనున్న మామూలు నీటి అణువుకు చేరుతుంది. ప్రోటాన్‌ను ఇచ్చింది నీరే, ఇప్పించింది అల్యూమినియం.

ఈ గుణాన్ని పీకేఏలో, అంటే కేఏ సంవర్గమానానికి గుర్తు మార్చి రాసే అంకెలో, చెబితే పోలిక సులువు. అంకె తగ్గేకొద్దీ ఆమ్లం బలం పెరుగుతుంది. నీటితో చుట్టుకున్న సోడియం అయానుది సుమారు 14, కాల్షియంది 12.8, మెగ్నీషియంది 11.4, జింక్‌ది 9, రాగిది 8కి కొంచెం అటూఇటూ, అల్యూమినియంది 5, ఫెర్రిక్ అయానుది (మూడు ధనావేశాలున్న ఇనుము) 2.2. ఈ వరుసను ఆమ్లాల వరుస పక్కన పెట్టి చదవాలి, అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. జింక్ దాదాపు అమ్మోనియంతో సమానం. అల్యూమినియం దాదాపు ఎసిటిక్ ఆమ్లంతో సమానం, ఎందుకంటే ఎసిటిక్ పీకేఏ 4.76. పటిక నీళ్లు సోడాను వెనిగర్‌లాగే పొంగించడం వెనుక రహస్యం ఇంతే: ఆమ్లంగా రెండింటి బలం ఇంచుమించు ఒకటే. ఫెర్రిక్ అయాను ఇంకా ముందుకెళ్లి ఫాస్ఫారిక్ ఆమ్లం సరసన కూర్చుంటుంది, 0.1 మోలార్ ఫెర్రిక్ క్లోరైడ్ పీహెచ్ 2 లోపే. ఫెర్రిక్ ద్రావణాలకు మనం చూసే పసుపు, గోధుమ రంగులు కూడా చాలా వరకు ప్రోటాన్ పోగొట్టుకున్న రూపాలవే. ఆరు నీటి అణువులతో చెక్కుచెదరకుండా ఉన్న ఫెర్రిక్ అయానుది లేత ఊదా రంగు.

ఆవేశం ఎక్కువై, పరిమాణం తగ్గేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుందని ఈ వరుసను వివరిస్తారు. ఇది చాలా దూరం పనికొస్తుంది. ఒకే లోహమైన ఇనుమును చూడండి: రెండు ఆవేశాలున్న ఫెర్రస్‌ది 9.5, మూడు ఆవేశాలున్న ఫెర్రిక్‌ది 2.2. కానీ ఈ వివరణనే వేదవాక్కుగా తీసుకుంటే వరుసలోని చివరి జంట దగ్గర దెబ్బతింటాం. అల్యూమినియం అయాను వ్యాసార్థం సుమారు 53.5 పికోమీటర్లు, ఫెర్రిక్‌ది 64.5, ఆవేశం రెండింటికీ మూడే. లెక్క ప్రకారం అల్యూమినియమే బలమైన ఆమ్లం కావాలి, వాస్తవంలో ఫెర్రిక్ దానికన్నా కొన్ని వందల రెట్లు బలమైనది. ఇనుములో పూర్తిగా నిండని డీ ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే ఒక రకం చోట్లు) ఉన్నాయి కనుక ఆక్సిజన్‌తో దాని బంధం కేవలం ఆవేశాల ఆకర్షణ కాదు, ఎలక్ట్రాన్లను పంచుకునే స్వభావం కూడా అందులో ఉంది. పరిమాణం, ఆవేశం అనే రెండు మాటలతో సరిపెట్టే పుస్తకాలు ఈ జంటను పక్కపక్కన పెట్టి చూపించాలని నా కోరిక.

రెండు అయాన్లూ నీటితో చర్య జరిపే లవణాల్లో పోటీ మొదలవుతుంది. అమ్మోనియం ఆమ్లం వైపు లాగుతుంది, తోడున్న ఆనయాన్ క్షారం వైపు లాగుతుంది, కేఏ, కేబీలలో ఏది పెద్దదో ద్రావణం అటు ఒరుగుతుంది. అమ్మోనియం ఫ్లోరైడ్‌లో అమ్మోనియందే పైచేయి, పీహెచ్ 6.2. అమ్మోనియం సయనైడ్‌లో సయనైడ్‌దే పైచేయి, పీహెచ్ 9.2. అమ్మోనియం ఎసిటేట్‌లో రెండు వైపులా 5.6 × 10⁻¹⁰ కావడంతో పీహెచ్ సరిగ్గా 7 దగ్గర నిలుస్తుంది. ఇది చూసి ఉప్పు నీళ్లూ, అమ్మోనియం ఎసిటేట్ నీళ్లూ ఒకే రకంగా తటస్థమని అనుకోవడం సహజం, కానీ రెండింటి లోపలి కథ వేరు. ఉప్పు నీటిలో ఏ అయానూ నీటి జోలికి పోదు. అమ్మోనియం ఎసిటేట్‌లో మాత్రం ఒకటి వదిలిన ప్రోటాన్‌ను మరొకటి అందుకోవడం వల్ల రెండింటి చర్యా ఊపందుకుని, లక్ష ఎసిటేట్ అయాన్లలో దాదాపు 550 ఎసిటిక్ ఆమ్లంగా మారి ఉంటాయి. సోడియం ఎసిటేట్‌లో ఈ సంఖ్య ఏడెనిమిదే అని ఇంతకు ముందు చూశాం. పీహెచ్ 7 అని కనిపించే ద్రావణంలో, పీహెచ్ 8.87 అని కనిపించే ద్రావణం కన్నా డెబ్బై రెట్లకు పైగా జలవిశ్లేషణ జరుగుతోందన్నమాట. పీహెచ్ చూపేది మిగిలిన తేడాను మాత్రమే, జరిగిన చర్య మొత్తాన్ని కాదు. ఇలాంటి లవణాలకు ఇంకో విశేషం ఉంది: ద్రావణాన్ని కొంత పలుచన చేసినా పీహెచ్ దాదాపు కదలదు. సోడియం ఎసిటేట్ వంటివి పలుచన చేసేకొద్దీ 7 వైపు జారిపోతాయి, కాబట్టి రెండు లవణాలను పోల్చేటప్పుడు గాఢత ఒకటేనా అని ముందు అడగాలి.

ఇక తినే సోడా. దీని శాస్త్రీయ నామం సోడియం హైడ్రోజన్ కార్బనేట్; ఆమ్లంలోని హైడ్రోజన్ ఇంకా మిగిలి ఉంది కనుక పాఠ్యపుస్తకాలు దీన్ని 'ఆమ్ల లవణం' అనే వర్గంలో పెడతాయి. పేరులో ఆమ్లం ఉన్నా ద్రావణం క్షారమే. ఆ బైకార్బనేట్ అయాను రెండు పనులూ చేయగలదు: ఉన్న ప్రోటాన్‌ను వదిలి కార్బనేట్ కావచ్చు, ఇంకొకటి పుచ్చుకుని కార్బానిక్ ఆమ్లం కావచ్చు. వదలడానికి కేఏ 4.7 × 10⁻¹¹, పుచ్చుకోవడానికి కేబీ 2.2 × 10⁻⁸. పుచ్చుకునే గుణం సుమారు 500 రెట్లు ఎక్కువ, అందువల్ల పీహెచ్ 8.3. అచ్చం ఇలాంటి నిర్మాణమే ఉన్న సోడియం బైసల్ఫైట్‌లో లెక్క తిరగబడి, వదిలే గుణమే గెలుస్తుంది, పీహెచ్ 4.5 దగ్గరకు దిగుతుంది. ఫాస్ఫేట్ కుటుంబంలో ఈ మలుపు ఇంకా స్పష్టం. మోనోసోడియం ఫాస్ఫేట్ ఆమ్లం, 4.5 దగ్గర, డైసోడియం ఫాస్ఫేట్ క్షారం, 9కి పైన, ట్రైసోడియం ఫాస్ఫేట్ గట్టి క్షారం, 12కి పైన. ఒకే ఆమ్లం, ఒకే లోహం, మూడు లవణాలు. హైడ్రోజన్ ఉందా లేదా అని పేరు చూసి తేల్చడం ఎంత ప్రమాదమో ఈ మూడూ చెబుతాయి.

సోడాల మధ్య తేడాను పసుపుతో చూడవచ్చు. తెల్ల కాగితానికి తడి పసుపు రాసి ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించండి. ఒక ముక్క మీద తినే సోడా నీటి చుక్క వేస్తే పసుపు కొద్దిగా నారింజ వైపు తిరుగుతుంది. బట్టల సోడా, అంటే సోడియం కార్బనేట్, నీటి చుక్క వేస్తే వెంటనే ముదురు ఎరుపు పాకుతుంది, సున్నం కలిపి పారాణి చేసినప్పటి రంగు. తేడా ఒక్క ప్రోటాన్‌ది. పీహెచ్‌లో మూడు అంకెలకు పైగా. ఉప్పు నీరు, పటిక నీరు వేసిన ముక్కలు రెండూ పసుపుగానే ఉంటాయి, ఎందుకంటే పసుపుకు క్షారాన్ని గుర్తుపట్టడం తెలుసు గాని తటస్థానికీ ఆమ్లానికీ తేడా తెలియదు. పటికను పట్టించాలంటే చిన్న ఉపాయం ఉంది: బట్టల సోడాతో ఎర్రబడిన ముక్క మీద పటిక నీరు వేయండి, ఎరుపు చెరిగి మళ్లీ పసుపు తేలుతుంది. వంటలో సోడా ఎక్కువైతే చేదుగా సబ్బు రుచి తగలడానికి కారణమూ ఈ తేడానే: వేడికి బైకార్బనేట్ కొంత కార్బనేట్‌గా మారిపోతుంది.

పీహెచ్ మీటరుతో కొలిచేవారికి ఒక హెచ్చరిక. గాలి తగిలిన డిస్టిల్డ్ వాటర్‌లో కార్బన్ డయాక్సైడ్ కరిగి పీహెచ్ 5.6 దాకా పడిపోతుంది. అందులో కలిపిన ఉప్పు నీరు 7 చూపించకపోతే ఉప్పు ఆమ్లమని తేల్చకూడదు. సోడియం సల్ఫేట్ సహజంగా చూపాల్సిన 7.5 కూడా ఈ గాలి ప్రభావంలో మునిగిపోతుంది. నీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడాలి.

పటిక ఆమ్ల గుణం మన నేల మీద పెద్ద ఎత్తున లెక్కకు వచ్చిన సందర్భం నల్లగొండ నీటిది. తాగునీటిలోని అదనపు ఫ్లోరైడ్‌ను తొలగించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి ఆ జిల్లా పేరే స్థిరపడింది. అందులో పటికతో పాటు సున్నాన్నీ కలుపుతారు. అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డిగా విడిపోతూ ఫ్లోరైడ్‌ను తనతో తీసుకుపోవాలి. ఆ మడ్డి ఏర్పడుతున్నప్పుడే ప్రోటాన్లు విడుదలై నీటిలోని బైకార్బనేట్‌ను తినేస్తాయి. మామూలు నీటి శుద్ధిలో ఒక మిల్లీగ్రాము అల్యూమినియం సల్ఫేట్, కాల్షియం కార్బనేట్ లెక్కలో సుమారు అర మిల్లీగ్రాము క్షారత్వాన్ని హరిస్తుంది. ఫ్లోరైడ్ కోసం వేసే పటిక మోతాదు ఇంకా ఎక్కువ కనుక, సున్నం లేకపోతే నీరు ఆమ్లమై మడ్డి సరిగా కట్టదు, అల్యూమినియం నీటిలోనే ఉండిపోతుంది.

చివరగా, తెలుగు రైతు మాటల్లో ఈ విభజన ఎప్పటి నుంచో ఉందన్నది నన్ను బాగా ఆకట్టుకున్న విషయం. చౌడు నేలలన్నింటినీ రైతులు ఒకే పేరుతో పిలవరు. మీద తెల్లటి ఉప్పు పెచ్చు కట్టేది పాలచౌడు; నీరు ఇంకక, తడిస్తే బురదై, ఎండితే రాయై, నల్లబారేది కారుచౌడు. పాలచౌడులో పేరుకున్నవి ఎక్కువగా సోడియం, కాల్షియం, మెగ్నీషియంల క్లోరైడ్లు, సల్ఫేట్లు, అంటే తటస్థానికి దగ్గరగా ఉండే లవణాలు. పీహెచ్ సాధారణంగా 8.5 దాటదు. కారుచౌడులో సోడియం కార్బనేట్, బైకార్బనేట్ ఉంటాయి, సోడియం బంకమట్టి కణాలకు అంటుకుని ఉంటుంది, పీహెచ్ 8.5 దాటి 10 వరకూ పోతుంది. ఆ క్షారానికి మట్టిలోని సేంద్రియ పదార్థం కరిగి పైకి తేలడం వల్లే నలుపు. సబ్బులు రాకముందు బట్టలు ఉడకబెట్టడానికి చౌడు మట్టిని వాడినది కూడా ఈ కార్బనేట్ గుణం కోసమే. పాలచౌడుకు మంచి నీరు నిలగట్టి, కిందికి దింపి, మురుగు కాలువలోకి వదిలితే చాలు. కారుచౌడుకు ముందు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, వేయాలి. జిప్సంలోని కాల్షియం, మట్టిలోని కార్బనేట్ అయానును పట్టుకుని సున్నపురాయిగా అడుగున పడేస్తుంది, మట్టి కణాల మీద సోడియం చోటును ఆక్రమిస్తుంది. మిగిలేది దాదాపు తటస్థమైన సోడియం సల్ఫేట్. కాల్షియం కార్బనేట్‌లోనూ అదే క్షార ఆనయాన్ ఉంది, కానీ నీటిలో అది కరిగేది అతి స్వల్పం కనుక పీహెచ్‌ను మామూలుగా 8.3 దాటనివ్వదు. ఆ తరువాత నీరు పెట్టి, సోడియం సల్ఫేట్‌ను కడిగేయాలి. జిప్సం వేయకుండా నీళ్లు మాత్రమే నిలగడితే కారుచౌడులో ఉన్న కాస్త ఉప్పూ కొట్టుకుపోయి, సోడియం పట్టిన బంకమట్టి ఇంకా చెదిరి, నీరు అసలే దిగకుండా పోతుంది.